డిక్కీ పడటం లేదు, కొత్త కారు అడగవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. ఏడాది కిందట తొమ్మిది లక్షలు పెట్టి విశాఖపట్నం షోరూమ్‌లో కారు కొన్నాను. మూడో నెల నుంచి డిక్కీ సరిగా పడటం లేదు. రెండు చేతులతో గట్టిగా కొడితే గానీ లాక్ అవ్వదు. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ గ్రీజు రాసి పంపేస్తున్నారు. వానొస్తే నీళ్లు దిగి, అమ్మకానికి తీసుకెళ్లే ఖద్దరు మూటలు తడిసిపోతున్నాయి. ఇప్పుడు బరువులు వేయడం వల్లే పాడైంది, వారంటీ రాదు అంటున్నారు. కారు మార్చి ఇమ్మని కేసు వేయవచ్చా?

జవాబు: కేసు వేయవచ్చు. కొత్త కారు కావాలని మాత్రం పట్టుబట్టకండి. క్లచ్ సమస్య ఉన్న ఒక కారు విషయంలో సుప్రీంకోర్టు 2006లో, లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే వారంటీ కింద కంపెనీ బాధ్యత అని, మొత్తం కారు మార్చమనడం కుదరదని చెప్పింది. డిక్కీ కోసం కారు మార్చమంటే ఇలాంటి కేసులు విచారించే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోవడం కష్టం. ఉచితంగా పూర్తిగా బాగుచేయమని, తడిసిన సరుకుకు నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించమని అడిగితే మీ కేసు గట్టిగా నిలబడుతుంది.

ముందు ఇంటి దగ్గర ఒక పని చేయండి. కిటికీ అద్దం ఒకటి దించి డిక్కీ వేసి చూడండి. అప్పుడు సులువుగా పడితే లోపల గాలి ఒత్తిడి, డిక్కీ అంచు చుట్టూ ఉండే కొత్త రబ్బరు పట్టీ (బీడింగ్) బిగువు కారణం కావచ్చు. అద్దం దించినా పడకపోతే లాక్‌గానీ, అది పట్టుకునే కొక్కెంగానీ, కబ్జాలుగానీ పక్కకు జరిగి ఉండవచ్చు. అది గ్రీజుతో పోయేది కాదు. తర్వాత బీడింగ్ మీద కాగితం ముక్క పెట్టి డిక్కీ వేసి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేసిన చోట బీడింగ్ సరిగా అతకడం లేదన్నమాట, నీళ్లు అక్కడి నుంచే దిగుతుండవచ్చు. ఇదంతా ఫోన్‌లో వీడియో తీయండి.

మీ కేసుకు ప్రాణం జాబ్ కార్డులే, అంటే సర్వీసుకు ఇచ్చినప్పుడు మీ ఫిర్యాదు రాసుకుని సంతకం తీసుకునే కాగితాలు. చాలామంది చదవకుండా సంతకం పెట్టేస్తారు. అందులో ‘జనరల్ చెకప్, ఓకే’ అని ఉంటే రేపు మీరు ఫిర్యాదే చేయలేదంటారు. ‘డిక్కీ పడటం లేదు, నీళ్లు దిగుతున్నాయి’ అని రాయించాకే సంతకం పెట్టండి. పాత కార్డుల కాపీలు రాతపూర్వకంగా అడగండి.

లోపం ఉందని చూపించాల్సిన మొదటి బాధ్యత మీదే. అవసరమైతే కమిషన్ నిపుణుల పరీక్షకు పంపుతుంది. బరువు వల్ల పాడైందన్న మాట మాత్రం అన్నవాళ్లే రుజువు చేయాలి. వ్యాపారానికి వాడారు కాబట్టి మీరు వినియోగదారులు కారన్న వాదన కూడా వస్తుంది. భయపడకండి. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టంలోనే ఉంది. ఖద్దరు మీరే స్వయంగా అమ్ముకుంటున్నారని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

విశాఖపట్నం తిరగక్కర్లేదు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉంది కాబట్టి ఫీజు 200 రూపాయలే. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. షోరూమ్‌ను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీదికి ఒకరు తోసేస్తారు. ముందుగా ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మొదటి జాబ్ కార్డు తేదీ నుంచి లెక్కపెట్టుకోవడమే క్షేమం. ఈలోగా డిక్కీని తాడుతో కట్టి బండి నడపకండి. సైలెన్సర్ పొగ కారులోకి వస్తే ప్రాణాంతకం. పైగా ప్రమాదకరమైన లోపమని తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద 1,500 రూపాయల జరిమానా పడవచ్చు.