నలుగురిలో నోరు విప్పని అమ్మాయి 'లా' కోర్సు చదవొచ్చా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న: "మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మ్యాథ్స్‌లో మంచి మార్కులే వస్తాయి. కానీ ఇంజినీరింగ్ వద్దు, లా చదువుతానంటోంది. నలుగురిలో నోరు విప్పదు. చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాదు. ఇలాంటి పిల్ల కోర్టులో ఏం వాదిస్తుంది? మా బావమరిది మాత్రం, క్లాట్ రాయించి కార్పొరేట్ లాయర్‌ని చేస్తే కోర్టు మెట్లెక్కే పనే ఉండదు, జీతం లక్షల్లో వస్తుంది అంటున్నాడు. క్లాట్ మంచిదా, లాసెట్ మంచిదా?"

క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష), లాసెట్ (రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష) సంగతి తర్వాత చెబుతాను. మీ అసలు టెన్షన్ అది కాదు. నెమ్మదస్తురాలైన పిల్ల నల్లకోటు వేసుకుని నెగ్గుకురాగలదా అన్నది మీ భయం. ఏటా ఎంతోమంది, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, నన్ను ఇదే అడుగుతారు. నెగ్గుకొస్తుంది. ఆ దిగులు పెట్టుకోకండి.

సివిల్ కోర్టులో పని చాలావరకు కాగితం మీదే నడుస్తుంది. ఒకరు ప్లెయింట్ (దావా కాగితం) వేస్తారు, రెండోవారు రిటన్ స్టేట్‌మెంట్ (దానికి రాతపూర్వక జవాబు) వేస్తారు. ఇద్దరూ ఎక్కడ విభేదిస్తున్నారో చూసి జడ్జి ఇష్యూలు, అంటే తేల్చాల్సిన అంశాలు, ఖరారు చేస్తారు. సాక్ష్యం, వాదన, తీర్పు అన్నీ ఆ ఇష్యూల చుట్టూనే తిరుగుతాయి. అసలు తగాదా ఎక్కడుందో పట్టుకోలేని లాయరు గంటసేపు గొంతు చించుకున్నా క్లయింటుకు ఒరిగేదేమీ లేదు.

చెక్ బౌన్స్ కేసు తీసుకోండి. ఇది క్రిమినల్ కేసే అయినా ఇక్కడా అంతే. మన జిల్లా కోర్టుల్లో రోజూ కనిపించేదే. ఒకాయన స్నేహితుడికి నాలుగు లక్షలు చేబదులిచ్చాడు, తిరిగి తీసుకున్న చెక్కు బౌన్స్ అయింది. లాయరు దగ్గరికి రాగానే ఆయన చెప్పేది స్నేహితుడు చేసిన మోసం గురించి, పోయిన పరువు గురించి. లాయరుకు ముందు కావలసినవి తేదీలు. చెక్కు మీద తేదీ ఏమిటి, మూడు నెలల లోపు బ్యాంకులో వేశారా? డబ్బు లేదని బ్యాంకు మెమో ఎప్పుడిచ్చింది? మార్చి 3న అందితే 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 2 లోపు డబ్బు కట్టమని నోటీసు పంపాలి. అది మార్చి 24న అవతలివాడికి చేరితే, కట్టడానికి అతనికి 15 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే అక్కడి నుంచి నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును ఒప్పించుకోవాలి. తొందరపడి 15 రోజులు నిండకముందే వేస్తే ఆ ఫిర్యాదు చెల్లదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. డబ్బు నిజంగా ఇచ్చినా, మోసం నిజంగా జరిగినా, తేదీ తప్పిందంటే ఆ కేసు అక్కడికక్కడే నీరుగారిపోవచ్చు.

తేదీలు సరిపోయాక రెండో మెట్టు. చెక్కు మీద సంతకం తనదేనని ఒప్పుకుంటే, అది అప్పు తీర్చడానికే ఇచ్చాడని కోర్టు ముందుగా అనుకుంటుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 139 చెప్పేది అదే. కాదని చూపించే బరువు చెక్కు ఇచ్చినవాడిది. అతని లాయరు ఇక్కడ ఒక్క ప్రశ్న చాలా మెల్లగా అడగొచ్చు: "నాలుగు లక్షలు చేబదులిచ్చేంత ఆదాయం మీకు అప్పట్లో ఎక్కడిదండీ?" దానికి పాస్‌బుక్కో, పొలం అమ్మిన కాగితమో చూపించలేకపోతే కేసు తిరగబడే వీలుంది. అలాంటి ప్రశ్న వేయడానికి పెద్ద గొంతు అక్కర్లేదు, ఏది ఎవరు రుజువు చేయాలో తెలిసి ఉంటే చాలు.

మీ అమ్మాయి మ్యాథ్స్‌లో చేస్తున్నదీ ఇలాంటిదే. జవాబు కరెక్టయినా స్టెప్పులు లేకపోతే మార్కులు పోతాయని ఆమెకు తెలుసు. చట్టంలోనూ వివాదం ఏమిటి, దానికి వర్తించే రూల్ ఏది, మన వాస్తవాలు ఆ రూల్‌లో ఇముడుతున్నాయా, కాబట్టి ఏం తేలింది అనే వరసలో స్టెప్పు వదలకుండా నడవాలి. మ్యాథ్స్ పిల్లలకు ఈ వరస త్వరగా పట్టుబడుతుంది. వాళ్లకు మొదట్లో కష్టమయ్యేది పొడవాటి ఇంగ్లీషు పేరాలు ఓపిగ్గా చదవడం. అది అలవాటుతో వస్తుంది.

మీ బావమరిది చెప్పిన కార్పొరేట్ లా (కంపెనీల ఒప్పందాలు, వ్యవహారాలు చూసే పని) గురించి నాకు అనుమానాలున్నాయి. లక్షల జీతాలు ఉన్నమాట నిజమే. కానీ అవిచ్చే పెద్ద సంస్థలు ఎక్కువగా కొద్దిపాటి పేరున్న లా యూనివర్సిటీలకే వెళ్తాయి, అక్కడ కూడా అందరినీ తీసుకోవు. మిగతా పిల్లలు ఐదేళ్లు ఏటా లక్షల్లో ఫీజు కట్టి, కలలో చూసిన ఉద్యోగం రాక, కోర్టు అలవాటు కాక మధ్యలో నలిగిపోతున్నారు. ఉద్యోగం దొరికినా కొత్తలో చేసేది కాంట్రాక్టుల కట్టలు అర్ధరాత్రి దాకా చదివి లోపాలు పట్టడం. అందులో కొంత పని ఇప్పటికే సాఫ్ట్‌వేర్ చేస్తోంది. మాట్లాడే పని ఉండదనుకోవడమూ పొరపాటే. అవతలి కంపెనీ లాయర్లతో ఒక్కో క్లాజు మీద బేరమాడాలి. మాట్లాడటానికి భయపడే పిల్లను దాచే చోటుగా దాన్ని చూడకండి. ఆమెకు కంపెనీ చట్టం మీద ఇష్టం పుడితే అప్పుడు వెళ్లనివ్వండి.

కోర్టు ప్రాక్టీసూ మొదట్లో సుఖంగా ఉండదు. జూనియర్ల చేతికొచ్చే డబ్బు చాలా తక్కువ. నగరాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని లాయర్ల జాతీయ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. సూచన మాత్రమే, ఇచ్చి తీరాలని లేదు. జడ్జి కావాలన్నా సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది. చదువయ్యాక మూడు నాలుగేళ్లు ఇంటి అండ కావాలి. మీరు లెక్క వేసుకోవలసింది దీని గురించి.

ఇంకో మాట, కటువుగానే చెబుతాను. "చుట్టాలొస్తే బయటికి రాదు" అని మీరు రాసింది ఆమె చదివితే ఎలా ఉంటుందో ఆలోచించారా? పదహారేళ్ల పిల్ల చుట్టాలతో ముచ్చట్లాడకపోతే అది లోపమా? ఇంజినీరింగ్ వద్దని ఇంట్లో అందరి ముందూ చెప్పగలిగిందంటే ఆమెకు నోరు లేదని ఎలా అనగలరు? ఆమె గురించి నాకు ఇంత రాశారు, లా ఎందుకని ఆమెను ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగినట్టు మాత్రం ఇందులో లేదు. ముందు అడగండి.

ఇక పోలిక. క్లాట్‌తో హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ లాంటివి వస్తాయి. తెలంగాణ లాసెట్‌తో ఉస్మానియా, కాకతీయ లాంటి యూనివర్సిటీల కాలేజీలు, ఏపీ లాసెట్‌తో ఆంధ్ర యూనివర్సిటీ లాంటివి వస్తాయి, ఫీజు బాగా తక్కువ. ఎక్కడ చదివినా, లాయరుగా పేరు నమోదయ్యాక (ఎన్‌రోల్‌మెంట్) కోర్టులో అందరికీ ఒకే హక్కు. క్లాట్ డిసెంబరులో అయిపోతుంది, లాసెట్ తర్వాత వస్తుంది కాబట్టి రెండూ రాయించండి. మంచి ర్యాంకు వచ్చి, ఫీజుకు అప్పుల పాలు కాకుండా ఉంటే నల్సార్ లాంటి చోట చేర్చండి. లేకపోతే లాసెట్ కాలేజీలో చేర్చి, మొదటి ఏడాది నుంచే సెలవుల్లో ఒక సీనియర్ లాయరు ఆఫీసుకు పంపండి.

ఈలోగా ఒక పని చేసి చూడండి. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో అద్దె అగ్రిమెంటు ఉంటే ఆమె చేతికివ్వండి. వచ్చే నెల ఖాళీ చేయమని ఓనరంటే ఎవరి మాట చెల్లుతుందో చెప్పమనండి. ఓనరు మంచివాడా చెడ్డవాడా అని మొదలుపెడుతుందా, నోటీసు గురించి కాగితంలో ఏం రాసుందో వెతుకుతుందా గమనించండి. అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే ఎందుకు రాస్తారో కూడా కనుక్కోమనండి. లీజు రిజిస్ట్రేషన్ గురించి చట్టం ఏం చెబుతోందో ఆమే వెతికి పట్టుకుని మీకు చెబితే, క్లాట్ పుస్తకాలు కొనివ్వండి.