హీట్ పంప్ పెట్టించాం, కుళాయిలో షాక్ కొట్టింది. బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది నరసన్నపేట, రిటైర్డ్ టీచర్‌ని. మా ఆవిడకి కీళ్ల నొప్పులు, రోజూ వేడినీళ్లు కావాలని డాబా మీద 200 లీటర్ల హీట్ పంప్, అదే గాలిలోని వేడి లాగి నీళ్లు కాచే మిషను, పెట్టించాం. విశాఖ డీలర్ మనుషులు పైపులు బిగించి, కరెంటు పని మాది కాదు, మీ వాళ్లతో చేయించుకోండి అని వెళ్లిపోయారు. మా వీధి కుర్రాడు పాత గీజర్ ప్లగ్గు నుంచే లైన్ లాగాడు. మొన్న మేడ మీద అద్దెకున్నవాళ్ల అమ్మాయి కుళాయి తిప్పగానే షాక్ కొట్టింది. డీలరేమో వైరింగ్ తప్పంటాడు, కుర్రాడేమో మిషను తప్పంటాడు. కంప్లయింట్ ఇస్తే ఎక్కువ లోడు వాడుతున్నారని మీ మీదే కేసు పడుతుందని పక్కింటాయన భయపెడుతున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ, ఇది చదివిన వెంటనే మెయిన్ బోర్డులో హీట్ పంప్ లైను ఎంసీబీ, అంటే ఆ లైనుకి కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్, దించేయండి, ప్లగ్గు దగ్గర స్విచ్ కట్టేస్తే సరిపోదు. మేడ మీద వాళ్లకి కూడా ఫలానా రోజు నుంచి అది ఆపేశాం, వాడొద్దు అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. నోటితో చెప్తే చాలదా అనొద్దు. ప్రమాదం ఉందని ఇప్పుడు మీకు తెలిసిపోయింది. తెలిసీ ఆపలేదన్న మాట రేపు పడకూడదు. నిర్లక్ష్యంతో ఎదుటివాళ్ల ప్రాణం మీదకి తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125, ఖర్మ కాలి ప్రాణమే పోతే సెక్షన్ 106, దానికి 5 ఏళ్ల దాకా జైలు.

మీరు పంపిన ఫోటోలు చూశాను. ఆకుపచ్చ ఎర్త్ వైరు డాబా మీద మూరెడు జీఐ (ఇనుప) పైపు ముక్కకి చుట్టేసి ఉంది, ఆ ముక్క కిందనుంచి అంతా ప్లాస్టిక్ పైపే. అంటే అది భూమిలోకి వెళ్లనే లేదు. మిషన్‌లో లీకైన కరెంటుకి దారి లేక నీళ్లలోంచి కుళాయికి చేరింది అనడానికి ఈ ఒక్క ఫోటో చాలు. కుర్రాడు వచ్చి సర్దేస్తానంటాడు, ముట్టుకోనివ్వకండి. ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు, వీడియో తీసుకోండి.

ఇక బాధ్యత సంగతి. కరెంటు భద్రత మీద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు ఉన్నాయి, 2010 నాటివి పోయి 2023లో కొత్తవి వచ్చాయి. బల్బు, ఫ్యాన్, స్విచ్ లాంటివి మార్చుకోవడం వేరు, వైరింగ్ సామర్థ్యం మారిపోయే పని వేరు. ఈ రెండోది లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయించాలి. మీ మిషన్‌లో కంప్రెసర్ 1 కిలోవాట్, లోపలి హీటర్ 2 కిలోవాట్లు అని రాసుంది కదా, రెండూ కలిసి పనిచేస్తే 13 ఆంపియర్లు లాగుతుంది. పాత గీజర్ సన్న వైరు మీద గంటల తరబడి అంత లోడు పెట్టడమంటే ఇది ప్లగ్గు మార్చుకున్నంత చిన్న పని కాదు. కుర్రాడికి లైసెన్సు లేదు కాబట్టి అతని తప్పు ఖాయం, అయితే అతన్ని పిలిపించింది మీరే కాబట్టి అద్దెకున్నవాళ్ల దగ్గర మీకూ కొంత బాధ్యత తప్పదు. వినడానికి బాగోదు గానీ ఉన్నమాట అది.

అలాగని డీలర్ చేతులు దులుపుకుని పోలేడు. బిల్లులో 'ఇన్‌స్టలేషన్‌తో సహా' అని ఉందా చూడండి. ఉంటే సగం పని చేసి వదిలేసినట్టే, అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం. మాన్యువల్ ఇచ్చారా? అందులో ఇన్‌స్టలేషన్ పేజీ తీసి చదవండి. విడిగా లైన్ ఉండాలని, ఎర్త్ ఉండాలని, లీకేజీ వస్తే ట్రిప్ అయ్యే బ్రేకర్ ఉండాలని స్పష్టంగా రాసి మీ చేతికిచ్చి ఉంటే కంపెనీ ఆ పేజీనే మీ మీదకి తిప్పుతుంది. ఇవ్వకపోతే, లేదా వచ్చిన మనుషులు గీజర్ ప్లగ్గుకి పెట్టుకోవచ్చని చెప్పి ఉంటే, కథ తారుమారవుతుంది. వాళ్లతో మీరు నడిపిన మెసేజీలు డిలీట్ చేయకండి, నా అనుభవంలో సగం కేసులు అక్కడే తేలతాయి.

కేసు వేయడానికి విశాఖ తిరగక్కర్లేదు. మీరుండే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 2 ఏళ్ల గడువుంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు డీలర్‌కి, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపుదాం.

పక్కింటాయన చెప్పినదాంట్లో కొంత నిజముంది. మంజూరైన లోడు కంటే ఎక్కువ లాగితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద అనధికార వాడకమేనని ఒక రైస్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది, ఆ వాడకానికి రెట్టింపు రేటు కట్టిస్తారు. కానీ అది దొంగతనం కాదు, దొంగతనానికి సెక్షన్ 135 వేరే ఉంది. 126 కింద మిమ్మల్ని ఎవరూ జైల్లో పెట్టరు. నోటీసొస్తే అభ్యంతరం చెప్పుకోవచ్చు, ఫైనల్ ఆర్డరొచ్చాక సగం సొమ్ము కట్టి 30 రోజుల్లో అప్పీలుకెళ్లొచ్చు. అంతదాకా ఎందుకు, బిల్లు మీద మీ లోడు ఎంతుందో చూసి, 2 కిలోవాట్లే ఉంటే అదనపు లోడుకి మీ కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో ఇవాళే అప్లికేషన్ పెట్టుకోండి. అదే చేత్తో మీటరు దగ్గర ఎర్త్ టెర్మినల్ సరిగ్గా ఉందో లేదో చూడమని కూడా రాసివ్వండి, ఆ టెర్మినల్ ఇవ్వాల్సింది వాళ్లు. అక్కడి నుంచి ఇంట్లోకి వచ్చేది మాత్రం మీ బాధ్యత.

మళ్లీ ఆన్ చేసే ముందు లైసెన్సున్న కాంట్రాక్టర్‌తో బోర్డు నుంచి విడి లైన్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్, డాబా మీద మిషను పక్కనే ఐసోలేటర్ (మిషనుకి కరెంటు పూర్తిగా తెంచే స్విచ్), సరైన ఎర్త్ పిట్ (ఎర్త్ వైరుని భూమిలోకి దించే గొయ్యి) పెట్టించి, లైసెన్సు నంబరున్న బిల్లు, టెస్ట్ రిపోర్టు తీసుకోండి. ఈ రెండు కాగితాలూ లేకుండా డబ్బులివ్వకండి.

ఆ అమ్మాయిని కూడా ఒకసారి హాస్పిటల్‌కి పంపి ఈసీజీ తీయించండి. పైకి బాగానే ఉందని వదిలేయొద్దు. ఖర్చు మీరే పెట్టుకుని చీటీ, రసీదు జాగ్రత్తగా దాచండి, కమిషన్‌లో ఆ సొమ్ము కూడా అడుగుదాం.