సుబ్బారావు ఒక ముక్క, రాధాకృష్ణ రావు రెండు

సందేహం: వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఒక జర్నలుకు పంపిన వ్యాసం, ఆధారాల పట్టిక సరిచేయమంటూ తిరిగొచ్చింది. మా ప్రొఫెసర్‌గారి పేరు ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట అసలు పేరుతో మొదలైంది. ఇద్దరూ ఒకరేనా అని అడిగారు. తెలుగు పేర్లలో ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది కదా, ఆధారాలకు వరస సంఖ్యలు వేసే వాంకూవర్ పద్ధతిలో ఏది ముందు రాయాలి? ఇదే విషయం మీద తెలుగులోనూ ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో ఆధార సంఖ్యను విభక్తికి ముందు వేయాలా, తరవాత వేయాలా?

సమాధానం: జర్నలువారి అనుమానం న్యాయమైనదేనమ్మా. తెలుగులో ఇంటిపేరు ముందు, పేరు వెనక. వాంకూవర్ పద్ధతిలోనూ కుటుంబనామం ముందు, దాని వెనక పొడి అక్షరాలు. ఆ అక్షరాల మధ్య చుక్కలుండవు. రెండూ ఒకటేననిపించి చాలామంది ఇంటిపేరును తీసుకొచ్చి ముందు కూర్చోబెడతారు. ఆ పద్ధతి అడిగేది మన ఇంటిపేరును కాదు. వ్యాసం మీద రచయిత తన పేరు ఎలా వేసుకున్నాడో చూసి, మామూలుగా అందులో చివరి మాటను కుటుంబనామంగా తీసుకుంటుంది. మనవాళ్ళు ఇంగ్లీషులో ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి, పేరును నిండుగా రాస్తారు. కాబట్టి చివర మిగిలేది పేరే, పట్టికలో ముందుకొచ్చేదీ అదే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారినే చూడండి. భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. ఆ వ్యాసాన్ని పట్టికలో ఇలా రాస్తారు: ఫిస్క్ సిహెచ్, సుబ్బారో వై. ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400. అయిదక్షరాల యల్లాప్రగడ చివర ఒంటి 'వై'గా మిగిలింది. 'రావు' కాస్తా 'రో' అయింది. తెలుగువాళ్ళకు దాన్ని దిద్దాలని చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. దిద్దకండి. ఆయన పేరు మీద ఒక శిలీంధ్రానికి పెట్టిన పేరు కూడా సుబ్బారోమైసెస్సే.

ఇక కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు. వైద్య పరిశోధనల్లో గణాంకాలు వాడేవారెవరికైనా తెలిసిన పేరు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన ఆయన వ్యాసాన్ని 'రావు సిఆర్' అని ఉదహరిస్తారు. క్రామెర్-రావు అసమానత అనే గణాంక సూత్రంలోని రావు ఈయనే. ఈ రావు ఇంటిపేరు కాదు, విడిగా పేరూ కాదు. పేరు చివర చేరే గౌరవవాచకం. లోకమంతా దాన్నే కుటుంబనామంగా పట్టుకుంది.

ఒకరు సుబ్బారో వై, ఇంకొకరు రావు సిఆర్. ఇద్దరి పేర్ల చివరా ఉన్నది రావే. తేడా అంతా నడుమ వదిలిన ఖాళీలో ఉంది. తెలుగు నోటికి ఆ ఖాళీ పట్టదు. సుబ్బ, రావు కలిస్తే నడిమి అచ్చు సాగి సుబ్బారావు అవుతుంది. రామారావు, కృష్ణారెడ్డి అంతే. రాధాకృష్ణ రావుగారిని కూడా మనం పిలిచేటప్పుడు రాధాకృష్ణారావుగారనే అంటాం. అలా కలిపి రాసుకుని ఉంటే ఆయన పట్టికల్లో 'రాధాకృష్ణారావు సి' అయ్యేవారు. చెవి ఒక్కటిగా వినేదాన్ని సూచికలు తయారుచేసేవారు రెండుగా చూస్తారు. వారు చూసేది కాగితం మీద ఉన్నదే.

కాబట్టి మీ ప్రొఫెసర్‌గారి ఇంటిపేరు మీకు తెలిసినా, ఆ తెలివిడిని పట్టికలోకి తేకండి. ఆ వ్యాసం వైద్య వ్యాసాల సూచిక పబ్‌మెడ్‌లో ఏ రూపంలో నమోదైందో అదే ఎత్తి రాయండి. ఆయనే ఒక వ్యాసంలో కలిపి, ఇంకోదానిలో విడదీసి రాసుకుంటే దేనికది అలాగే ఉండాలి. ఇద్దరూ ఒకరేనని పట్టికలో చెప్పక్కర్లేదు, జర్నలుకు రాసే ఉత్తరంలో చెప్పండి.

పొడి అక్షరాల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నియమం ప్రకారం అవి రెండుకు మించకూడదు. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వచ్చిన వ్యాసం రచయితలు ముగ్గురు: షార్ట్ హెచ్ఇ, పండిట్ సిజి, రాఘవాచారి టిఎన్ఎస్. నియమం గట్టిగా పాటిస్తే మూడోవారి 'ఎస్' ఎగిరిపోవాలి. కొన్ని జర్నళ్ళు ఉంచనిస్తాయి, కొన్ని ఉంచనివ్వవు. ఇంటిపేరు, తాతగారి పేరు, ఇలవేల్పు పేరు అన్నీ మోసే మన పేర్లకు ఈ రెండక్షరాల గది ఇరుకే. మీరు పంపే జర్నలు సూచనలు చూసి, పట్టికంతా ఒకే రకంగా ఉంచండి.

మీ సొంత పేరు మాత్రం మొదటి వ్యాసానికి ముందే తేల్చుకోవాలి. కె. లక్ష్మీ ప్రసన్న అని విడదీసి రాస్తే మీరు 'ప్రసన్న కెఎల్' అవుతారు. లక్ష్మీప్రసన్న అని కలిపేస్తే పేరు ముక్కలవదు. రావు, రెడ్డి చివర విడిగా పెట్టుకున్నవారి సంగతి చెప్పనక్కర్లేదు, సూచికల్లో ఆ గుంపులో వెతికి పట్టుకోవడం కష్టం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారితే వ్యాసాల మీద మార్చుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఆ ఒక్క అక్షరం మారినా పాత వ్యాసాలు వేరొకరివైపోతాయి. పరిశోధకులను ఒక్కొక్కరిగా గుర్తుపట్టడానికిచ్చే పదహారు అంకెల ఆర్కిడ్ సంఖ్య తీసుకుంటే ఈ బాధలు చాలావరకు తీరతాయి.

ఇక తెలుగు వ్యాసం. వాంకూవర్ పద్ధతి 1978లో కెనడాలోని ఆ ఊళ్ళో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కూర్చుని మొదలుపెట్టినది. వారి ముందున్నది ఇంగ్లీషు వాక్యం, విభక్తి బాధ లేనిది. మనం మన వాక్యాన్ని బట్టి నడుచుకోవాలి. 'సుబ్బారావు (3)తో' అని రాస్తే 'తో' గాల్లో వేలాడుతుంది. పదం విభక్తితో సహా ముగిశాకే సంఖ్య: 'సుబ్బారావుతో (3)'. '(3)లో చెప్పినట్లు' అనీ రాయకండి. పైకి చదివేవాడు ఆ సంఖ్యను ఏమని పలకాలి? 'మూడో ఆధారంలో చెప్పినట్లు' అనండి.

దీనికన్నా ముఖ్యమైనది వాక్యంలో సంఖ్య ఎక్కడ పడాలన్నది. క్రియ చివర వస్తుంది కదా అని చాలామంది సంఖ్యలన్నీ క్రియ పక్కన కుప్ప పోస్తారు. 'కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని, పని చేస్తున్నప్పుడు అది తరుగుతుందని, విశ్రాంతిలో మళ్ళీ కూడుతుందని తేలింది (4,5,6)' అంటే ఏ సంగతికి ఏది ఆధారమో తెలియదు. మన వాక్యం ఎన్ని 'అని'లనైనా మోస్తుంది, కనుక ప్రతి 'అని' పక్కన దాని సంఖ్య వేయండి: 'ఉందని (4), తరుగుతుందని (5), కూడుతుందని (6) తేలింది'. మూడింటికీ ఆధారం ఒకటే అయితే చివర ఒకసారి చాలు. ఒకసారి ఇచ్చిన సంఖ్యే ఆ ఆధారానికి చివరిదాకా.

మీరడగలేదు గానీ, ఇంగ్లీషు వ్యాసంలో తెలుగు పుస్తకాన్ని ఉదహరించవలసి వస్తే పేరును రోమన్ లిపిలో రాసి, పక్కనే చదరపు బ్రాకెట్లలో ఇంగ్లీషు అర్థం ఇచ్చి, చివర 'తెలుగు' అని భాష పేరు చేర్చాలి. అర్థం ఒక్కటే ఇచ్చి ఊరుకునేవారున్నారు. ఆ పేరుతో తెలుగు పుస్తకం ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.