మనసు డాక్టరుకు ఉత్తరం: మందు మొదలైన మొదటి నెల

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుడివాడ. మా అమ్మాయికి 17 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చిన పిల్ల మళ్లీ వెళ్లనంది. అన్నం సరిగ్గా తినదు, తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది, ఏమైందంటే ఏడుస్తుంది. మానసిక వైద్యుడికి చూపిస్తే డిప్రెషన్ అని ఎస్సిటాలోప్రామ్ రాశారు. వారం పాటు 5 ఎంజీ, తర్వాత 10 ఎంజీ వేయమన్నారు. 10కి మార్చిన నాలుగో రోజు డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, ‘వదినా, ఆ మందుతో ఇక్కడ ఇచ్చే కాగితం మీద నల్లగీతల పెట్టెలో రాసి ఉంటుంది, పిల్లలకి చచ్చిపోవాలన్న ఆలోచనలు రావచ్చని. ఎందుకు వేస్తున్నారు?’ అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రెండు రోజులుగా మాత్ర ఆపేశాను. డాక్టరుకి చెప్పలేదు. 10కి మార్చినప్పటి నుంచీ పిల్ల ఒకచోట కూర్చోవడం లేదు, హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటోంది. ‘లోపల ఏదోలా ఉందమ్మా’ అంటోంది. ఇంకో మాట. మా వారి తమ్ముడు చాలా ఏళ్ల కిందట మెంటల్ ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉన్నారు. పెళ్లి కావలసిన పిల్ల కదా అని ఆ సంగతి డాక్టరు దగ్గర ఎత్తలేదు. ఈ మందు వేయాలా, మానాలా?
- ఒక తల్లి, గుడివాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే పత్రికవారి ద్వారా మీతో మాట్లాడాను. పిల్లని ఆ డాక్టరుకే వెంటనే చూపించమన్నాను. ఇదే భయం ఇంకా ఎన్నో ఇళ్లలో ఉంటుంది కాబట్టి ఆ మాటలే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ ఆడపడుచు చెప్పింది నిజం. ఆ హెచ్చరిక ఉంది. 2003లో బ్రిటన్ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు డిప్రెషన్‌కి ఇదే రకం మందైన పారాక్సెటీన్ ఇవ్వొద్దంది. 2004 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, డిప్రెషన్ మందులన్నిటి మీదా ఆ నల్లపెట్టె హెచ్చరిక ఉండాలని చెప్పింది. 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు వరకు పెంచింది. మన దగ్గర మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి ఏడు మాత్రలో పది మాత్రలో చేతిలో పెడతారు, కాగితం పెట్టెలోనే ఉండిపోతుంది. కాబట్టి ఇక్కడ ఆ మాట చెప్పాల్సింది డాక్టరే. ఓపీలో ఎంతమంది ఉన్నా సరే, పాతికేళ్ల లోపు పిల్లకి ఈ మందు రాసినప్పుడు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పి తీరాలి. డాలస్ నుంచి ఫోన్ వచ్చేదాకా మీకు తెలియకపోవడం మా వృత్తిలో ఉన్నవాళ్లం సిగ్గుపడాల్సిన విషయం.

ఇప్పుడు ఆ హెచ్చరిక వెనకున్న లెక్క చూడండి. ఎఫ్‌డీఏ 24 పరీక్షల్లో పాల్గొన్న 4,400 మందికి పైగా పిల్లల వివరాలు కలిపి చూసింది. కొందరికి అసలు మందు ఇచ్చారు, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తి మాత్ర వేసుకున్న నూరుమందిలో ఇద్దరికి చనిపోవాలన్న ఆలోచనలు కానీ, ఆ దిశగా ఏదైనా చేయబోవడం కానీ కనిపించింది. మందు వేసుకున్న నూరుమందిలో నలుగురికి కనిపించింది. ఆ పరీక్షల్లో ఒక్క పిల్ల కూడా, ఒక్క పిల్లాడు కూడా ప్రాణం తీసుకోలేదు. అంటే నూరుమందిలో ఇద్దరికి అదనంగా ప్రమాదం పెరిగింది. ఆ ఇద్దరిలో మన పిల్ల ఉండొచ్చు కాబట్టే జాగ్రత్త కావాలి. వైద్యం లేకుండా వదిలేసిన డిప్రెషన్‌లో ఉండే ప్రమాదం ఇంతకన్నా చాలా పెద్దది.

రెండో లెక్క కూడా ఉంది. అదే 2004లో అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల మధ్య డిప్రెషన్ ఉన్న 439 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మందు ఫ్లూఆక్సెటీన్, ఇదీ అదే రకానిది. పన్నెండు వారాల్లో, మందూ కౌన్సెలింగూ రెండూ అందినవాళ్లలో నూటికి 71 మంది బాగుపడ్డారు. ఒక్క మందుతో 61 మంది, ఒక్క కౌన్సెలింగుతో 43 మంది, ఉత్తి మాత్రతో 35 మంది. మొదట్లో చనిపోవాలన్న ఆలోచనలు ఉన్న పిల్లల్లో అవి తగ్గుతూ వచ్చాయి, రెండూ కలిపి అందినవాళ్లలో ఎక్కువగా తగ్గాయి. అందుకే మీ డాక్టరుని అడగండి, మందుతో పాటు వారానికోసారి కూర్చుని మాట్లాడే సైకాలజిస్టు ఎవరైనా ఉన్నారా అని. ఎస్సిటాలోప్రామ్‌ని పన్నెండేళ్లు దాటిన పిల్లలకు డిప్రెషన్‌లో వాడొచ్చని నల్లపెట్టె పెట్టిన ఆ ఎఫ్‌డీఏయే అనుమతిచ్చింది. ఆ రెండూ కలిపి చదువుకోవాలి. హెచ్చరికలు వచ్చాక అమెరికాలో పిల్లలకు ఈ మందులు రాయడం తగ్గింది, కానీ పిల్లల ఆత్మహత్యలు తగ్గలేదు. ఎందుకన్నదాని మీద డాక్టర్ల మధ్య ఇప్పటికీ వాదన నడుస్తోంది.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టినవి వేరే రెండు వాక్యాలు.

మొదటిది, పిల్ల ఒకచోట కూర్చోవడం లేదన్నది. అది డోసు పెంచినప్పటి నుంచీ మొదలైంది, గమనించారా? ఈ రకం మందులతో కొద్దిమందికి లోపల్నుంచి ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. కూర్చుంటే లేవాలి, పడుకుంటే తిరగాలి. మేము దీన్ని అకథీజియా అంటాం. అసలే దిగులుతో ఉన్న మనిషికి ఇది భరించలేని బాధ. మొదటి వారాల్లో ప్రమాదం పెరగడానికి ఇదొక ముఖ్యమైన దారి అని మాలో చాలామంది నమ్ముతాం. నా దగ్గర వైద్యం తీసుకున్న ఒక బీటెక్ అబ్బాయి మందు మొదలైన ఐదో రోజు రాత్రంతా మేడ మీద నడిచాడు. వాళ్ల నాన్న ‘టెన్షన్ పడుతున్నాడులే’ అనుకుని ఊరుకోలేదు, పొద్దున్నే ఫోన్ చేశారు. మందు మార్చాం, ఆ అలజడికి విడిగా ఇంకో మాత్ర ఇచ్చాం, నాలుగు రోజుల్లో కుదురుకున్నాడు. ఆ ఫోన్ రాకపోతే ఏమయ్యేదోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మీ అమ్మాయి విషయంలోనూ డోసు తగ్గించడమో, మందు మార్చడమో డాక్టరు చేయగలరు, ఆయనకి తెలిస్తే.

రెండోది, మీ మరిది సంగతి. అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో వైద్యానికి అన్నిటికన్నా అవసరమైన వాక్యం అదే. ఆయనకున్న జబ్బు బైపోలార్ అయి ఉంటే, అంటే కొన్నాళ్లు విపరీతమైన దిగులు, కొన్నాళ్లు నిద్ర అక్కర్లేనంత హుషారు అయితే, అది రక్తసంబంధంలో ఇంకొకరికి వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. పదిహేడేళ్ల పిల్లలో అది మొదట డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు. అలాంటి పిల్లకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే దిగులూ ఉద్రేకమూ ఒకేసారి కలిసి వచ్చే స్థితి రావొచ్చు, అది చాలా ప్రమాదకరం. అప్పుడు వైద్యమే వేరు. మీ మరిది గారి పాత చీటీలు ఎక్కడైనా ఉంటే తీసుకెళ్లండి. పెళ్లి సంబంధాల భయం నాకు తెలుసు, ఆ మాట డాక్టరు గది దాటి పోదు. రోగి వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఇక ఇంట్లో. మొదటి నెలంతా, ఆ తర్వాత డోసు మారినప్పుడల్లా ఒక రెండు వారాలు పిల్లని ఒంటరిగా వదలకండి. రాత్రి మీరు పక్కన పడుకోండి. మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటది ఆ పూట ఇవ్వండి. ఇంట్లో పొలం మందులు ఉంటే ఇంకో చోటికి పంపేయండి. ఉన్నట్టుండి నిద్ర పూర్తిగా పోయినా, ఎన్నడూ లేనంత చిరాకు పడినా, గడగడా మాట్లాడుతూ హడావిడి మొదలుపెట్టినా, ‘నేను లేకపోతే మీకు హాయి’ అన్నా, ఇష్టమైన వస్తువులు చెల్లెలికి పంచేస్తున్నా అదే రోజు డాక్టరుకి చెప్పండి. అపాయింట్‌మెంట్ తేదీ వచ్చేదాకా ఆగొద్దు.

అడగండి కూడా. జడ వేసేటప్పుడో, పక్కన పడుకున్నప్పుడో, ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పెట్టినవాళ్లం అవుతామని ప్రతి తల్లీ భయపడుతుంది. అలా కాదని పరిశోధనలు చెబుతున్నాయి, నేను చూసిందీ అదే. అడిగితే చాలామంది పిల్లలు ఏడుస్తారు, తర్వాత చెబుతారు. అవునంటే తిట్టొద్దు, దేవుడి మీద ఒట్లు వేయించొద్దు. ‘చెప్పావు, మంచి పని చేశావు, నేను ఉన్నాను’ అని ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ 14416కి చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకి 68, అనకాపల్లిలో ఒక్కరే ఉంటున్నారు. శ్రావణంలో అమ్మ పోయింది. అప్పటి నుంచి ఆయన మంచం దిగడం లేదు. డాక్టరు సెర్ట్రలీన్ 25 ఎంజీ మొదలుపెట్టారు. ఈ మందులతో ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని అక్క ఎక్కడో చదివి, వద్దని గొడవ చేస్తోంది. నాన్న బీపీ మాత్రలు కూడా వాడుతున్నారు.

జవాబు: బాబూ, అమ్మగారు పోయిన బాధలో మీ ముగ్గురూ ఉన్నారు, అక్క మీద కోప్పడకండి. ఆమె చదివింది పాతికేళ్ల లోపు వాళ్ల గురించి. 24 దాటినవాళ్లలో ఆ ప్రమాదం పెరిగినట్టు లెక్కల్లో కనిపించలేదు, 65 దాటినవాళ్లలో మందు వల్ల తగ్గింది. ఎఫ్‌డీఏ 2007లో రాయించిన హెచ్చరికలోనే ఈ మాట కూడా ఉంది, అక్కకి చూపించండి.

నాన్నగారి వయసులో నేను చూసే సమస్య వేరే. సెర్ట్రలీన్ లాంటి మందులు కొందరు పెద్దవాళ్లలో రక్తంలో సోడియం తగ్గిస్తాయి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర కూడా ఉంటే, ఇంకా తగ్గవచ్చు. తూలిపోవడం, మతిమరుపు, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం కనిపిస్తే వయసు అనుకోవద్దు. బీపీ చీటీ ఈ డాక్టరుకి చూపించి, మొదటి నెలలో ఒకసారి సోడియం పరీక్ష చేయించండి.

మందు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలు ఆయన ఒంటరిగా ఉండటం నాకు నచ్చలేదు. మీరో అక్కో వంతులేసుకుని ఉండండి. కుదరని రోజుల్లో ఫోన్లో ‘తిన్నారా’ దగ్గర ఆపకండి. ఆ తరం మగవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు, కడుపులో మంట అంటారు, నడుం నొప్పి అంటారు. అమ్మ గురించి మాట్లాడండి, మాట్లాడనివ్వండి.

ప్రశ్న: మాది కరీంనగర్. మా ఆయనకు 38 ఏళ్లు, బైపోలార్ ఉంది. ఒకసారి ప్రాణం తీసుకోబోతే కాపాడుకున్నాం. ఇప్పుడు డాక్టరు లిథియం మొదలుపెట్టిన్రు. మెడికల్ షాపాయన ‘ఇది ప్రమాదకరమైన మందు, జాగ్రత్త’ అన్నడు. భయమైతోంది.

జవాబు: అమ్మా, మనసు మందుల్లో ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని అన్నిటికన్నా ఎక్కువ కాలంగా సాక్ష్యం ఉన్నది లిథియానికే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు దీన్ని ఈ జబ్బుకి వాడి చూపించాడు, ఇప్పటికీ దాని చోటు దానిదే. (స్కిజోఫ్రేనియా అనే ఇంకో మానసిక జబ్బులో అలాంటి మందు క్లోజపైన్. ఆత్మహత్య ప్రయత్నాలు తగ్గించడానికని 2002లో ఎఫ్‌డీఏ దానికి ప్రత్యేకంగా అనుమతిచ్చింది.) మనసు మందులన్నిటినీ ఒకే గాటన కట్టి భయపడితే, ప్రాణం నిలబెట్టేవి కూడా మానేస్తాం.

షాపాయన చెప్పిన జాగ్రత్త మాత్రం అవసరమే. లిథియం రక్తంలో తక్కువైతే పనిచేయదు, కొంచెం ఎక్కువైతే విషం. అందుకే రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీయించి లెవెల్ చూస్తారు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా ఆరు నెలలకోసారి ఉంటాయి. మీ వైపు ఎండలకు చెమట పోసి ఒంట్లో నీరు తగ్గితే లెవెల్ పెరుగుతుంది. నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించొద్దు. ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే డైక్లోఫెనాక్ సూది వేస్తారు, షాపులో ఇబుప్రోఫెన్ ఇస్తారు. అవి లిథియాన్ని పెంచుతాయి. ‘లిథియం వాడుతున్నాడు’ అని ముందే చెప్పండి. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆ పూట మాత్ర ఆపి ఆస్పత్రికి తీసుకుపోండి.

అదొక్కటి తప్ప, బాగున్నాడు కదా అని మీ అంతట మీరు ఎప్పుడూ ఆపొద్దు. లిథియం ఒక్కసారిగా మానేసిన తర్వాతి నెలల్లో జబ్బు తిరగబెట్టే అవకాశమూ, ప్రాణాపాయమూ రెండూ పెరుగుతాయి. ఎప్పటికైనా మానాల్సి వస్తే డాక్టరు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. స్ట్రిప్పులు అయిపోవడానికి వారం ముందే తెచ్చి పెట్టుకోండి. ఊరికి పోయేటప్పుడు చీటీ ఫోటో మీ ఫోన్లో ఉండనివ్వండి.