ప్రమోటర్ వాటా సున్నా అయితే కంపెనీ ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కంపెనీల వాటాల పట్టిక గురించే ఉన్నాయి. ఎఫ్‌ఐఐలు (విదేశీ సంస్థాగత మదుపరులు) వాటా తగ్గించారనీ, ప్రమోటర్ (కంపెనీని స్థాపించి లేదా నియంత్రిస్తూ నడిపించేవాడు) అమ్మాడనీ వార్త చూసి కంగారుపడి రాసినవే ఎక్కువ. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర ఐటీసీ షేర్లు 300 ఉన్నాయి. యాప్‌లో ప్రమోటర్ల వాటా 0 శాతం అని ఉంది. అడిగే దిక్కు లేని కంపెనీ అనుకోవాలా? అసలు లెక్క ఎక్కడ చూడాలి?
– నరసరావుపేట నుంచి ఓ పాఠకుడు

జవాబు: యాప్‌లోని రంగుల చక్రం పక్కన పెట్టి, కంపెనీ ఎక్స్ఛేంజీకి దాఖలు చేసిన కాగితమే చూడండి. బీఎస్‌ఈ వెబ్‌సైట్లో కంపెనీ పేరు కొట్టి ‘షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్’ తెరిస్తే క్వార్టర్ల వారీగా దొరుకుతుంది. క్వార్టర్ ముగిసిన 21 రోజుల్లోగా దీన్ని దాఖలు చేయాలి. కాబట్టి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో 21వ తేదీ దాటాక వెతికితే కొత్తది ఉంటుంది. అందులో నాలుగు పట్టికలుంటాయి: మొత్తం సారాంశం, ప్రమోటర్లు, పబ్లిక్, ఈ రెండింటిలోనూ చేరనివారు. అమెరికాలో ఏడీఆర్‌లు (మన షేర్లకు బదులుగా అక్కడ ట్రేడయ్యే పత్రాలు) అమ్మిన కంపెనీల తరఫున షేర్లు పట్టుకుని ఉండే కస్టోడియన్, ఉద్యోగుల షేర్ల ట్రస్టు లాంటివి ఆ చివరి పట్టికలోకి వస్తాయి.

మీరు చూడాల్సింది మూడో పట్టిక, అంటే పబ్లిక్. కంపెనీలో 1 శాతం, అంతకుమించి ఉన్నవారి పేర్లు అక్కడ విడిగా రాయాలి. ఐటీసీలో అసలు సంగతి ఆ పేర్లలోనే ఉంది. బ్రిటిష్ అమెరికన్ టొబాకో తన అనుబంధ కంపెనీల ద్వారా అతిపెద్ద వాటాదారు. 2024 మార్చిలో 3.5 శాతం, 2025 మేలో మరో రెండున్నర శాతం అమ్మాక దాని వాటా సుమారు 23 శాతానికి దిగింది. ఎల్‌ఐసీకి దాదాపు 15 శాతం, యూటీఐ పాత ఆస్తుల కోసం కేంద్రం ఏర్పాటు చేసిన ‘సూటీ’కి 8 శాతానికి కాస్త తక్కువ ఉంది. ఈ ముగ్గురి చేతిలోనే కంపెనీలో సగానికి దగ్గర వాటా ఉంటే, పట్టికలో మాత్రం నూటికి నూరూ ‘పబ్లిక్’. ‘పబ్లిక్’ అంటే ప్రమోటరు కానివారని మాత్రమే. మీలాంటి నాలాంటివాళ్లని కాదు.

ఓటు దగ్గరికి వస్తే దీని బలం తెలుస్తుంది. స్పెషల్ రిజల్యూషన్ (కొన్ని ముఖ్య నిర్ణయాలకు కావాల్సిన ప్రత్యేక తీర్మానం) నెగ్గాలంటే పోలైన ఓట్లలో 75 శాతం అనుకూలంగా పడాలి. మొత్తం ఓట్లలో 85 శాతమే పోలయ్యాయనుకోండి. 23 శాతం వాటా ఉన్నవారి చేతిలో అప్పుడు 27 శాతం ఓట్లున్నట్టు. అంటే వాళ్లొక్కరే వద్దంటే తీర్మానం వీగిపోతుంది. దిక్కులేని కంపెనీ అనడానికి వీల్లేదు.

హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకూ ప్రమోటరు లేరు. 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ అందులో కలిసిపోవడంతో ప్రమోటర్ వరుస ఖాళీ అయింది. ఎల్ అండ్ టీలోనూ ప్రమోటరు లేరు, ఉద్యోగుల ట్రస్టుకు పెద్ద వాటా ఉంది. ఇలాంటి చోట్ల ప్రమోటరు ఏంచేస్తున్నాడని చూసి లాభం లేదు. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లు ఎవరు, ఏ తీర్మానానికి ఎంత వ్యతిరేకత వచ్చింది అన్నవే చూడాలి. మీటింగ్ అయిన రెండు పనిదినాల్లో ఓటింగ్ ఫలితాలు కూడా ఎక్స్ఛేంజీకి వస్తాయి. వాటిలో ప్రమోటర్లు, సంస్థలు, మిగతావారు ఎలా ఓటేశారో విడివిడిగా ఉంటుంది. ఎవరూ తెరవరు గానీ, సంస్థలు మేనేజ్‌మెంట్ మీద అసంతృప్తిగా ఉంటే అది ముందు కనబడేది అక్కడే.

ఇంకో విషయం. వాటాల మూడో పట్టికలోనే ‘2 లక్షల వరకు నామినల్ వాటా మూలధనం ఉన్న వ్యక్తులు’ అని ఒక వరుస ఉంటుంది. చిన్న ఇన్వెస్టర్లంటూ పత్రికలు రాసేది దీన్ని చూసే. కానీ అది ముఖవిలువ (షేరు మీద రాసి ఉండే విలువ, మార్కెట్ ధర కాదు) లెక్క. ఐటీసీ ముఖవిలువ 1 రూపాయి. షేరు ధర 400 అనుకుంటే, 8 కోట్ల రూపాయల షేర్లున్నవాడు కూడా ఆ ‘చిన్న’ వరుసలోనే ఉంటాడు. ముఖవిలువ 10 ఉన్న కంపెనీలో అయితే 20,000 షేర్లు దాటగానే పై వరుసకు వెళ్లిపోతాడు. రెండు కంపెనీల చిన్న ఇన్వెస్టర్ల శాతాన్ని పోల్చేముందు ముఖవిలువ చూడండి.

ప్రశ్న: మా కంపెనీలో ఎఫ్‌ఐఐలు 2 శాతం తగ్గారు, ప్రమోటరు కూడా తగ్గాడు. అమ్మేయమంటారా?
– ఖమ్మం నుంచి

జవాబు: శాతం తగ్గిందా, షేర్ల సంఖ్య తగ్గిందా? ముందు అది తేల్చుకోండి. 100 కోట్ల షేర్లున్న కంపెనీలో ప్రమోటరుకు 50 కోట్లు ఉన్నాయనుకోండి. కంపెనీ క్యూఐపీలో (పెద్ద సంస్థలకే షేర్లు అమ్మే పద్ధతిలో) 10 కోట్ల కొత్త షేర్లు జారీ చేసింది. ప్రమోటరు ఒక్క షేరూ అమ్మలేదు, అయినా 50 శాతం కాస్తా 45.45 అవుతుంది. అందుకే రెండు క్వార్టర్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని శాతం కాకుండా షేర్ల సంఖ్య గడిని పోల్చాలి.

విదేశీ ఫండ్ల దగ్గరున్న షేర్ల సంఖ్యే నిజంగా తగ్గి ఉంటే, ఎవరు తగ్గించారో చూడండి. సూచీని అనుసరించే ఫండ్లు సూచీలో వెయిటేజీ పెరిగితే కొంటాయి, తగ్గితే అమ్ముతాయి. కంపెనీ బాగోగులతో వాటికి పని లేదు. 1 శాతం దాటి పట్టుకుని, ఏళ్ల తరబడి కదలని ఫండు పేరు పట్టికలోంచి మాయమైందంటే అది వేరే సంగతి, దానికి కారణం వెతకాల్సిందే. అయితే పేరు పోయినంత మాత్రాన మొత్తం అమ్మేశారని కాదు. 1.05 నుంచి 0.98కి దిగినా పేరు పోతుంది.

మ్యూచువల్ ఫండ్ల విషయంలో మూడు నెలలు ఆగక్కర్లేదు. ప్రతి ఫండ్ హౌసూ నెల ముగిసిన 10 రోజుల్లో తన పథకాల పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్లో పెడుతుంది. షేర్ల సంఖ్యతో సహా దొరుకుతుంది.

ప్రశ్న: ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టడం అంత ప్రమాదమా? ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం లాంటిదేగా?
– వరంగల్ నుంచి ఓ పాఠకురాలు

జవాబు: ఇంటి మీద అప్పుకీ దీనికీ పెద్ద తేడా ఉందమ్మా. మీ వీధిలో ఇళ్ల ధర తగ్గిందని బ్యాంకువాళ్లు రేపే వచ్చి ఇల్లు అమ్మేయరు. షేర్ల తాకట్టులో సరిగ్గా అదే జరుగుతుంది.

లెక్కగా చూద్దాం. 200 కోట్ల విలువైన షేర్లు పెట్టి ప్రమోటరు 100 కోట్లు తెచ్చాడు. విలువ ఎప్పుడూ అప్పుకు రెట్టింపు ఉండాలని ఒప్పందం. షేరు 25 శాతం పడితే తాకట్టు విలువ 150 కోట్లకు దిగుతుంది. లోటు పూడ్చడానికి ఇంకో 50 కోట్ల షేర్లో, నగదో తెమ్మంటారు. తేలేకపోతే అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లు స్వాధీనం చేసుకుని మార్కెట్లో అమ్ముతారు. ఆ అమ్మకంతో ధర ఇంకా పడుతుంది. దాంతో మిగిలిన తాకట్టు విలువ కూడా కరిగి, మళ్లీ పిలుపు వస్తుంది. కంపెనీ వ్యాపారం ఎంత చక్కగా ఉన్నా ఈ సుడిలో షేరు మునుగుతుంది.

మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌లో 2008 చివర చూసింది ఇదే. అప్పటికే ప్రమోటర్ల వాటా పది శాతంలోపుకు పడిపోయింది. ఉన్నదీ తాకట్టులో ఉందని మదుపరులకు తెలియదు, చెప్పాలన్న నిబంధనే అప్పట్లో లేదు. డిసెంబరు 16న ప్రమోటరు రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటించి, వెనక్కి తీసుకున్నాక షేరు పడింది. అప్పిచ్చినవాళ్లు తాకట్టు షేర్లు అమ్ముకున్నారు. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజు షేరు విలువలో మూడొంతులకు పైగా ఒక్కపూటలో తుడిచిపెట్టుకుపోయింది. ప్రమోటర్ల వాటా తక్కువగా ఉండటంతో, ఫలితాలు బాగా లేకపోతే కంపెనీని ఎవరైనా చేజిక్కించుకుంటారని భయపడ్డామని ఆయనే ఆ లేఖలో రాశారు. మోసానికి అది సాకు కాదు. కానీ తక్కువ వాటా, పైన తాకట్టు, ఎవరికీ తెలియకపోవడం, ఈ మూడూ కలిస్తే ఎంత చేటో ఎన్నో తెలుగు ఇళ్లకు అనుభవమే. ప్రమోటర్ల తాకట్టును తప్పనిసరిగా వెల్లడించాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ జనవరిలోనే నిర్ణయించింది.

ఇప్పుడు వాటాల దాఖలాలోని రెండో పట్టికలో ప్రతి ప్రమోటరు పేరు ఎదుటా తాకట్టు గడి ఉంటుంది. అక్కడి శాతం ప్రమోటరు వాటాలో భాగం, మొత్తం కంపెనీలో కాదు. ప్రమోటర్లకు 40 శాతం ఉండి అందులో 60 శాతం తాకట్టు పెడితే, కంపెనీలో 24 శాతం అప్పిచ్చినవాళ్ల గుప్పిట్లో ఉన్నట్టు. తాకట్టు ప్రమోటర్ల వాటాలో 50 శాతమో, మొత్తం మూలధనంలో 20 శాతమో చేరితే కారణాలు వివరంగా చెప్పాలన్న నిబంధన 2019 నుంచి ఉంది. ఆ కాగితంలో అప్పు ఎవరికోసమన్న గడి తప్పక చదవండి. ఇదే కంపెనీ అవసరానికి పెట్టినదానికీ, ప్రమోటరు ఇంకో వ్యాపారం కోసం పెట్టినదానికీ చాలా తేడా ఉంది. రెండోదైతే, ఆ వ్యాపారం మునిగినా మీ షేరే పడుతుంది.

ప్రశ్న: ఎండీ షేర్లు అమ్మాడని వార్త వచ్చింది. లోపలివాళ్లకు తెలియకుండా అమ్ముతారా? దీన్ని ఎలా నమ్మాలి?
– విజయనగరం నుంచి

జవాబు: వార్త వద్దు, దాఖలా చూడండి. ప్రమోటరు, డైరెక్టరు, కంపెనీ గుర్తించిన ఉద్యోగులు ఒక క్యాలెండర్ క్వార్టర్లో 10 లక్షల రూపాయలు మించి కొన్నా అమ్మినా రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి చెప్పాలి. కంపెనీ మరో రెండు రోజుల్లో ఎక్స్ఛేంజీకి చెప్పాలి. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ రెండింటి వెబ్‌సైట్లలో ఇన్‌సైడర్ ట్రేడింగ్ విభాగంలో ఇవి ఉంటాయి. ఏ రూపంలో మారిందన్న గడి ముఖ్యం. బహుమతి, ఈసాప్ (ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే షేర్లు), కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి బదిలీ అని ఉంటే ధర గురించి అది ఏమీ చెప్పదు. మార్కెట్లో అమ్మకం అని ఉంటే, అతని మొత్తంలో ఎంత భాగమో చూడండి. తాకట్టు ఇన్వొకేషన్ (అప్పిచ్చినవాళ్లు షేర్లు స్వాధీనం చేసుకోవడం) అని ఉంటే పై జవాబు మళ్లీ చదవండి.

అమ్మకానికి వంద కారణాలుంటాయి: కూతురి పెళ్లి, ఇల్లు, పన్ను. సొంత డబ్బుతో బజారులో కొంటే మాత్రం కారణం దాదాపు ఒకటే. మా దృష్టిలో కొనుగోలుకు ఎక్కువ విలువ.

ప్రశ్న: హైదరాబాదులో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్నాను, ఆర్‌ఎస్‌యూలు (జీతంతోపాటు కంపెనీ విడతలుగా ఇచ్చే షేర్లు) ఉన్నాయి. ఇన్‌సైడర్ల వాటా 1 శాతం కూడా లేదు, సంస్థలది 70 దాటింది. సొంత కంపెనీ మీద వాళ్లకే నమ్మకం లేదా?
– గచ్చిబౌలి నుంచి

జవాబు: అమెరికాలో ఇన్‌సైడర్ అంటే మన ప్రమోటరు కాదు. డైరెక్టర్లు, ఉన్నతాధికారులు, 10 శాతం మించి ఉన్నవాళ్లు. పదవి వదిలితే లెక్కలోంచి పోతారు. మైక్రోసాఫ్ట్ మాజీ సీఈఓ స్టీవ్ బామర్‌కు 2014లో సుమారు 4 శాతం ఉండేది. ఆ ఏడాది ఆగస్టులో బోర్డు నుంచి తప్పుకోగానే ఆ మొత్తం ఇన్‌సైడర్ల లెక్కలోంచి జారిపోయింది, ఒక్క షేరు చేతులు మారకుండానే. 2020 మార్చిలో బిల్ గేట్స్ బోర్డు వదిలినప్పుడూ అంతే. మీరు చూసిన తక్కువ శాతానికి పెద్ద కారణం ఇదే.

మైక్రోసాఫ్ట్ సీఈఓ, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల 2021 నవంబరులో 8,38,584 షేర్లు, తన దగ్గరున్న వాటిలో దాదాపు సగం, అమ్మారు. ఆర్థిక ప్రణాళికలో భాగమని కంపెనీ చెప్పింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2022 జనవరి నుంచి 7 శాతం క్యాపిటల్ గెయిన్స్ పన్ను మొదలవుతోందని అప్పట్లో పత్రికలన్నీ గుర్తుచేశాయి. ఇలాంటి అమ్మకాలు అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకు ఇచ్చే ఫారం 4లో రెండు పనిదినాల్లో బయటికొస్తాయి. అందులో అక్షరాల సంకేతాలుంటాయి: ‘పీ’ అంటే బజారులో కొనడం, ‘ఎస్’ అమ్మడం, ‘ఏ’ కంపెనీ ఇచ్చినది, ‘ఎఫ్’ పన్ను కోసం పట్టుకున్నది, ‘జీ’ బహుమతి. మీ ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అయినప్పుడు (మీ సొంతమైనప్పుడు) కొన్ని షేర్లు పన్నుకు పోతాయి కదా, ‘ఎఫ్’ సరిగ్గా అదే. దాన్ని అమ్మకంగా లెక్కేసి భయపెట్టే సైట్లను పట్టించుకోకండి.

సంస్థల లెక్క వచ్చేది పెద్ద ఫండ్లు అక్కడ ఇచ్చే 13ఎఫ్ దాఖలాల్లోంచి. క్వార్టర్ ముగిశాక 45 రోజుల గడువు ఉంది. అక్టోబరు మొదట్లో కొన్నది ఫిబ్రవరి మధ్యలో తెలుస్తుందన్నమాట, అప్పటికి అమ్మేసి కూడా ఉండొచ్చు. కొన్ని కంపెనీల్లో ఈ శాతం 100 దాటుతుంది. షార్ట్ చేసేవాళ్లు (ధర పడుతుందని పందెం కాసేవాళ్లు) అప్పు తెచ్చి అమ్మిన షేరును ఇచ్చినవారూ, కొన్నవారూ ఇద్దరూ తమదనే లెక్కేస్తారు. అది మోసం కాదు.

ప్రశ్న: లిస్టెడ్ కంపెనీ అకౌంట్స్‌లో చేస్తాను. నా పేరు మీద కాకుండా మా ఆవిడ ఖాతాలో మా కంపెనీ షేరు కొంటే ఇబ్బందా?
– పేరు వద్దన్నారు

జవాబు: ఇబ్బందే, కొనకండి. అకౌంట్స్‌లో ఉన్నారంటే మిమ్మల్ని ‘డిజిగ్నేటెడ్ పర్సన్’గా (లోపలి సమాచారం అందే ఉద్యోగిగా) గుర్తించే ఉంటారు. భార్య మీ మీద ఆధారపడినా లేకపోయినా దగ్గరి బంధువు కిందికే వస్తారు. క్వార్టర్ ముగిసిన రోజు నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల దాకా ట్రేడింగ్ విండో (మీరు మీ కంపెనీ షేర్లు కొనే, అమ్మే వీలు) మూసి ఉంటుంది. అది తెరిచాక కూడా, కంపెనీ పెట్టిన పరిమితి దాటితే నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసర్ దగ్గర ముందస్తు అనుమతి తీసుకుని 7 ట్రేడింగ్ రోజుల్లోగా లావాదేవీ ముగించాలి. కొన్న 6 నెలల్లోపు అమ్మకూడదు, అమ్మితే లాభం సెబీ ఇన్వెస్టర్ల రక్షణ నిధికి కట్టాలి. ఈసాప్‌ల ద్వారా షేర్లు తీసుకోవడానికి ఈ 6 నెలల అడ్డు లేదు. ఇక బయటికి రాని ఫలితాల అంకెలు మీ కంప్యూటర్లో ఉన్నప్పుడు కొన్నారా, జరిమానా 10 లక్షల నుంచి మొదలై 25 కోట్లు, లేదా లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకు వెళ్లొచ్చు. ఇప్పటికే కొని ఉంటే దాచకుండా కంప్లయన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా చెప్పండి, డీమ్యాట్ స్టేట్‌మెంట్ జతచేసి.