యువ రచయితకు లేఖ: విమానం ఎందుకు వెనక్కి తిరిగింది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. కావలి నుంచి కొరియర్‌లో పంపావు. సింగరాయకొండకి ఎంత దూరమని? ఒకసారి వచ్చి చేతికిచ్చి, కూర్చుని మాట్లాడి పోయుంటే బాగుండేది. సరే, ఇప్పుడు చెప్పాల్సింది రాసే చెప్తాను.

నెల్లూరు ఆసుపత్రిలో ఐసీయూ బయట తల్లి నిలబడిన పేజీ బాగుంది. వాటర్ ఫిల్టర్ పక్కన ఉన్న ఒకే ఒక ప్లగ్గులో ఆమె ఫోన్ ఛార్జింగ్ పెడుతుంది. వైరు పొట్టిది. కింద పెట్టే చోటు లేదు. ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడే ఉంటుంది. ఇంకెవరో వచ్చి "ఐదు నిమిషాలు ఇస్తావా పెద్దమ్మా" అంటే, తీసి ఇచ్చి, గోడ గడియారం వంక చూస్తూ ఉంటుంది. అది నువ్వు కళ్లారా చూసి రాశావని తెలిసిపోతోంది.

దాని తర్వాత విమానం ఎక్కించావు. అక్కడే నాకు ఒళ్లు మండింది.

కొడుకు షికాగోలో ఢిల్లీ విమానం ఎక్కుతాడు. అట్లాంటిక్ మీద ఒక ఇంజిన్ ఆగిపోతుంది. పైలట్ విమానాన్ని వెనక్కి తిప్పి ఐదు గంటలు నడిపి మళ్లీ షికాగోలోనే దించుతాడు. "కింద అన్ని ఎయిర్‌పోర్టులుంటే ఒక్కచోట దించితే ఏం పోయింది? వీళ్లకి మనిషి ప్రాణం కంటే డబ్బే ఎక్కువ" అని కొడుకు అరుస్తాడు. తండ్రి పోతాడు. చివర్లో విధి గురించి నాలుగు వాక్యాలు, అయిపోయింది. కొడుకు అడిగిన ప్రశ్న నిజమైన ప్రశ్న. దానికి జవాబు వెతికే బాధ్యత నీది. నువ్వు వెతకలేదు. విధి అని రాసి తప్పించుకున్నావు.

ముందు ఇంజిన్ సంగతి. రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, సమయం ప్రకారం దగ్గరలో ఉన్న, దిగడానికి తగిన ఎయిర్‌పోర్టులో దిగి తీరాలి. అది నియమం. పొగ వచ్చినా, మంట కనిపించినా అంతే. ప్రయాణికుడికి గుండెపోటు వచ్చినా సాధారణంగా దగ్గర్లోనే దించుతారు. సముద్రాల మీద పోయే దారులు వేసేటప్పుడే, ఒక ఇంజిన్‌తో ఎన్ని నిమిషాల్లో ఎక్కడికి చేరగలరో లెక్క కట్టి మరీ వేస్తారు. అట్లాంటిక్ దారిలో కెనడాలోని గాండర్, గూస్ బే, ఐస్‌లాండ్‌లోని కెఫ్లవిక్ ఆ లెక్కలోకి వచ్చే ఎయిర్‌పోర్టులే. అవన్నీ వదిలేసి ఒంటి ఇంజిన్‌తో ఐదు గంటలు వెనక్కి వచ్చే పైలట్ ఉండడు. కాబట్టి నీ కథలో ఇంజిన్ ఆగిపోవడం కుదరదు. విమానం అంతసేపు వెనక్కి వచ్చిందంటేనే అందులో ఉన్నవాళ్ల ప్రాణాలకి అప్పటికప్పుడు ముంచుకొచ్చిన ముప్పు లేదని అర్థం. ఈ ఒక్క విషయం తెలిసుంటే నీ కథ ఇంకో దారి పట్టేది.

ఏం జరిగుండొచ్చో నిజంగా జరిగినవాటిలోనే ఉంది. 2025 మార్చిలో షికాగో నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం దారి మధ్యలో వెనక్కి తిరిగింది. కారణం టాయిలెట్లు. పన్నెండింటిలో ఎనిమిది పనిచేయలేదు. పైపుల్లో పాలిథిన్ కవర్లు, గుడ్డపేలికలు, బట్టలు ఇరుక్కున్నాయని ఆ సంస్థ తర్వాత చెప్పింది. సమస్య ఎంత పెద్దదో తేలేసరికి విమానం అట్లాంటిక్ మీద ఉంది. ముందున్న యూరప్‌లో చాలా ఎయిర్‌పోర్టులకి రాత్రిపూట ఆంక్షలుంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా మామూలు రాకపోకలే ఉండవు. అందుకని వెనక్కి తిప్పారు. పది గంటలు గాల్లో ఉండి, ఎక్కినచోటే దిగారు వాళ్లంతా. అందులో తండ్రి కోసం వస్తున్న కొడుకు ఒకడు ఉన్నాడనుకో. టాయిలెట్ల వల్ల తండ్రి కడచూపు దక్కలేదని వాడు ఊళ్లో ఎట్లా చెప్పుకుంటాడు? బంధువులు ఎవరైనా నమ్ముతారా? నువ్వు రాయాల్సిన కష్టం అదీ.

"అయినా సరే, ఎక్కడో ఒకచోట దించొచ్చుగా" అంటావేమో. దించిన చోట్ల ఏం జరిగిందో విను.

2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే ఎయిర్ ఇండియా బోయింగ్ 777ని ఇంజిన్‌లో లోపం వచ్చి రష్యాలోని మగదాన్‌లో దించారు. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అక్కడ దించడం సరైన పని, ఎందుకంటే అది ఇంజిన్. కానీ దిగాక? ఆ ఊళ్లో ఆ సంస్థకి మనిషంటూ లేడు. అంతమందికి సరిపడా హోటళ్లు లేవు. డార్మిటరీల్లో నేల మీద పరుపులేసుకుని పడుకున్నారు. భాష రాదు, తిండి పడదు. ముంబై నుంచి ఇంకో విమానం పంపి, దాంట్లో వాళ్లని శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చేసరికి 8వ తేదీ అయింది. వాళ్లు ఢిల్లీలో ఎక్కింది 6న. 2024 అక్టోబరులో ఢిల్లీ–షికాగో విమానాన్ని బాంబు బెదిరింపు వచ్చి కెనడా ఉత్తరాన ఇకాలూయిట్‌లో దించితే, చివరికి కెనడా వైమానిక దళం తన విమానంలో వాళ్లని షికాగోకి చేర్చాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో లండన్ నుంచి ముంబై వచ్చే వర్జిన్ అట్లాంటిక్ విమానం ఒక రోగి కోసం తుర్కియేలోని దియార్‌బకిర్‌లో దిగింది. దిగాక విమానంలో సాంకేతిక లోపం బయటపడింది. రెండు వందల మందికి పైగా నలభై గంటలు దాటి అక్కడే ఇరుక్కుపోయారు.

ఇదంతా నాకెట్లా తెలుసంటావా? అడిగాను, చదివాను. నీకు తెలియనిది నీ కథలో పెట్టుకున్నప్పుడు నువ్వూ అదే చేయాలి. వేరే మార్గం లేదు.

నీ కథలో అద్దంకి మేనమామ అంటాడు చూడు, "మన రేణింగవరం కాడ హైవే మీదే దించుతుంటే, ఇంత ప్రపంచంలో వాళ్లకి రన్‌వే దొరకలేదా" అని. ఆ మాట తీసేయకు. మన వైపు మనిషి అట్లాగే మాట్లాడతాడు. కొరిశపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారిని నాలుగు కిలోమీటర్ల పొడవున రన్‌వేలా కట్టారు, 2022 డిసెంబరు 29న వైమానిక దళం అక్కడ ట్రయల్ రన్ కూడా చేసింది. ఆ రోజు జనం పొలం గట్ల మీద నిలబడి చూశారు కాబట్టి మేనమామకి ఆ నమ్మకం ఉంటుంది. కానీ ఆయనకి జవాబు చెప్పేవాళ్లు కథలో ఒక్కరైనా ఉండాలి. రన్‌వే ఒక్కటుంటే చాలదు. ఆ రకం విమానాన్ని చూసి సంతకం పెట్టే లైసెన్సున్న ఇంజనీరు కావాలి. పాడైన భాగానికి బదులు భాగం కావాలి. మూడొందల మందిని దించడానికి అంత ఎత్తు మెట్లు కావాలి. ఇమిగ్రేషన్ కౌంటరు కావాలి. మన పాస్‌పోర్టుతో యూరప్‌లో దిగితే వీసా లేనివాడు బయటికి రావాలంటే అక్కడి అధికారులు ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. లేదంటే ఎయిర్‌పోర్టులోనే కుర్చీల్లో పడుకోవాలి. పైగా పైలట్లకీ సిబ్బందికీ డ్యూటీ గంటలకి హద్దుంటుంది. అది దాటితే విమానం బాగుపడినా వాళ్లు నడపకూడదు, విశ్రాంతి తీసుకోవాలి. వాళ్ల బదులు ఎక్కేవాళ్లు ఆ ఊళ్లో ఉండరు.

బయల్దేరిన చోట ఇవన్నీ ఉంటాయి. సంస్థకి మనుషులుంటారు, ఇతర విమానాల్లో సీట్లుంటాయి, ప్రయాణికుల్లో చాలామందికి ఆ దేశంలో ఇల్లో వాకిలో ఉంటుంది. ఇంకో లెక్క కూడా ఉంది. బోయింగ్ 777-300ఈఆర్ గరిష్ఠంగా సుమారు 351 టన్నులతో గాల్లోకి లేవగలదు. మామూలుగా దిగాలంటే 251 టన్నులకి మించకూడదు. మధ్యలో ఉన్న ఆ వంద టన్నుల్లో ఎక్కువ భాగం కాలి పోవాల్సిన ఇంధనమే. ప్రాణం మీదికొస్తే ఆ బరువుతోనే దిగుతారు, లేదా ఇంధనం గాల్లో వదిలేస్తారు. బరువుతో దిగితే తర్వాత విమానమంతా తనిఖీ చేయాలి. ముప్పు లేనప్పుడు వెనక్కి ఎగురుతుంటే ఆ బరువు దానంతటదే తగ్గుతుంది.

నేను బస్సు డిపోలో కంట్రోలర్‌గా పనిచేసే రోజుల్లో రాసిన ఒక కథ గురించి నీకు చెప్పాలి. రాత్రి బస్సుకి కనిగిరి దాటాక గేరు పట్టడం లేదు. డ్రైవరు దగ్గర్లో ఉన్న పామూరులో ఆపకుండా, రెండో గేరులోనే ఈడ్చుకుంటూ డిపోకి తెచ్చాడు. జనం బండబూతులు తిట్టారు, అందులో పెళ్లివారు కూడా ఉన్నారు. ఆ వేళకి పామూరులో ఏముంది? మెకానిక్ లేడు, బదులు బస్సు లేదు, ఆడవాళ్లూ పిల్లలూ పడుకునే చోటు లేదు. డిపోలో ఇవన్నీ ఉన్నాయి. ఆ సంగతి నేను ఒకటిన్నర పేజీ రాశాను. వారపత్రిక ఎడిటర్ ఒకాయన దాన్ని మొత్తం కోసేశాడు. "మెకానిక్ గొడవ పాఠకుడికెందుకండీ, పెళ్లికూతురి కన్నీళ్లు చాలు" అని కార్డు ముక్క రాశాడు. అచ్చయిన కథలో డ్రైవరు దుర్మార్గుడయ్యాడు. ఆ డ్రైవరు నా టేబుల్ ముందు కూర్చుని పత్రిక చదివాడు. పూర్తిగా చదివాడు. మడిచి టేబుల్ మీద పెట్టి, సంతకం చేసి, బండి తీసుకుని వెళ్లిపోయాడు. నాతో ఒక్క మాట అనలేదు. ఆ ఎడిటర్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

అప్పటి నుంచీ నాది ఒకటే పట్టు. పని ఎట్లా జరుగుతుందో తెలియకుండా ఆ పని చేసేవాణ్ణి కథలోకి తీసుకురాకూడదు. తెలియని చోట మనం వెంటనే ఒక దుర్మార్గుణ్ణి పెడతాం. వాడు దొరక్కపోతే విధిని పెడతాం. మన కథల్లో డాక్టర్లు, తహసీల్దార్లు, బ్యాంకు మేనేజర్లు ఎందుకంత కసాయివాళ్లుగా ఉంటారో తెలుసా? రాసేవాళ్లలో సగం మంది ఆ ఆఫీసుల్లో బెంచీ మీద కూర్చుని బయటికొచ్చేశారు, లోపల ఏం జరుగుతోందో అడగలేదు. ఇప్పుడు కథల పోటీల పుణ్యమా అని ఇంకో జబ్బు పట్టుకుంది. కథలో సమాచారం ఉండకూడదట, బరువైపోతుందట. వర్క్‌షాపులు పెట్టి మరీ చెప్తున్నారు. చివర్లో వాన కురవాలట, కిటికీ తెరుచుకోవాలట. నీ కథ ఆఖరి పేజీలోనూ వాన ఉంది. నెల్లూరులో మే నెల అని మొదటి పేజీలో రాశావు. ఆ వాన ఎక్కడినుంచి వచ్చింది నాయనా?

2023 ఫిబ్రవరిలో ఆక్లాండ్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న ఎయిర్ న్యూజిలాండ్ విమానం ఎనిమిది గంటలు పోయాక వెనక్కి తిరిగింది. న్యూయార్క్ ఎయిర్‌పోర్టు టెర్మినల్‌లో కరెంటు పోయింది. అమెరికాలోనే ఇంకో ఊళ్లో దించితే విమానం కొన్ని రోజులు అక్కడే ఉండిపోయి మిగతా సర్వీసులు కూడా దెబ్బతింటాయని సంస్థ చెప్పింది. పదహారు గంటలు గాల్లో ఉండి మళ్లీ ఆక్లాండ్‌లోనే దిగారు. ఇక్కడ డబ్బు లెక్క లేదని నేను అనను. ఉంది. విమానం ఒకచోట ఆగిపోతే రేపు అదే విమానం ఎక్కాల్సిన మూడొందల మంది మాటేమిటన్నదీ అదే లెక్కలో ఉంది. ఆ మూడొందల మందిలో కూడా ఒకడి తండ్రి ఐసీయూలో ఉండొచ్చు. నీ కొడుకు పాత్ర అరిచినప్పుడు ఎదురుగా ఉన్న ఎయిర్‌హోస్టెస్ చేత నువ్వు తల దించుకునేలా చేశావు. ఆమెకి ఈ సంగతులన్నీ తెలుసు. తెలిసి, అతనికి చెప్పలేక, మంచినీళ్ల గ్లాసు ఇచ్చిందని రాయి. ఎవరూ తప్పు చేయలేదు, అయినా తండ్రి దక్కలేదు. దీన్ని భరించడం కసాయి కంపెనీని తిట్టుకోవడం కంటే చాలా కష్టం. నీ తల్లి పాత్ర రాసిన చేయి ఇది రాయగలదు.

ఇంకో సంగతి నువ్వు ఊహించనిది. ఆ విమానాన్ని ఐర్లండ్‌లో దించితే కొడుకు బహుశా ఇంకా ఆలస్యంగా వచ్చేవాడు. షికాగోకి తిరిగొచ్చాడు కాబట్టే దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో హైదరాబాదుకి ఇంకో టికెట్ దొరికే వీలుంది. తనని వెనక్కి తీసుకెళ్లిన నిర్ణయమే తనని తొందరగా ఇంటికి చేర్చిందని వాడికి తర్వాత, పెదకర్మ నాడో ఎప్పుడో తెలిస్తే? అప్పుడు అంతకుముందు తిట్టిన తిట్లన్నీ ఏమవుతాయి? ఆ పేజీ చదవాలని నాకుంది.

పోటీకి పంపాలా, పత్రికకి పంపాలా అని అడిగావు. కలం పేరు గురించి కూడా ఏదో రాశావు. ఇప్పుడు ఆ టెన్షన్ పెట్టుకోకు.

ఇంజిన్ పేరా కొట్టేయ్. విధి వాక్యాలు నాలుగూ కొట్టేయ్. విమానాల్లో పనిచేసేవాళ్లు, ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్‌గా చేసినవాళ్లు మన కావలి, కందుకూరుల్లో వెతికితే దొరుకుతారు. ఒకరి దగ్గర ఒక పూట కూర్చో. ఏం జరిగితే వెనక్కి తిప్పుతారు, ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఆఖరి మాట కెప్టెన్‌ది ఎందుకవుతుంది, అప్పుడు లోపల సిబ్బంది ఒకళ్లతో ఒకళ్లు ఏమనుకుంటారు, అన్నీ అడుగు. ఐసీయూ బయట ప్లగ్గు ఎక్కడుందో చూసినంత శ్రద్ధగా అడుగు. మళ్లీ రాశాక అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీసి తీసుకురా, నాకు ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను.