పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: టాక్ షో నడపడం, జనం పక్షాన నిలబడడం

కాలేజీ పిల్లల నుంచి, సొంతంగా యూట్యూబ్ ఛానెల్ పెట్టుకున్నవాళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ఉత్తరాలకు ఈసారి జవాబిస్తున్నాం.

అమెరికా టీవీ యాంకర్ ఓప్రా విన్‌ఫ్రే టాక్ షో చేస్తూనే ఒక చట్టం తెప్పించారట, నిజమేనా? నాకూ అలాంటి పని చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
*డిగ్రీ విద్యార్థిని, నకిరేకల్*

నిజమే. కానీ అది షోతో పూర్తయిన పని కాదు. ఓప్రా 1976లో బాల్టిమోర్‌లో సాయంత్రం వార్తలు చదవడానికి చేరారు. ఏడాది తిరగకముందే ఆ కుర్చీలోంచి తప్పించారు. 1978లో అదే స్టేషన్ ఆమెకు ముచ్చట్ల కార్యక్రమం అప్పగించింది, ఆమెకు తగిన పని అక్కడ దొరికింది. 1984లో షికాగో వెళ్లారు. 1986 సెప్టెంబర్ 8న మొదలై దేశమంతా ప్రసారమైన షో 2011 మే దాకా నడిచింది.

1991లో షికాగోలో నాలుగేళ్ల పాప హత్యకు గురైంది. పట్టుబడినవాడికి అంతకుముందే నేరచరిత్ర ఉంది. ఓప్రా దాని మీద మాట్లాడి ఊరుకోలేదు. న్యాయవాది, ఇల్లినాయ్ మాజీ గవర్నర్ జేమ్స్ థాంప్సన్‌తో చట్టం ముసాయిదా రాయించారు. ఆ నవంబర్‌లో సెనేట్ న్యాయ కమిటీ ముందుకెళ్లి సాక్ష్యం చెప్పారు. 1993 డిసెంబర్ 20న బిల్లు మీద అధ్యక్షుడు క్లింటన్ సంతకం పడింది. పిల్లల్ని చూసుకునే పనుల్లో చేరేవాళ్ల నేరచరిత్రను దేశవ్యాప్త రికార్డుల్లో సరిచూసే ఏర్పాటు దానితో వచ్చింది. ఎపిసోడ్ గంట పని అయితే, చట్టం రెండేళ్ల పని.

ఇక మీ సంగతి. కమ్యూనిటీ రేడియో లైసెన్సు వ్యక్తులకు ఇవ్వరు. విద్యాసంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు, కనీసం మూడేళ్లుగా పనిచేస్తున్న సంస్థలకు ఇస్తారు. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లకు మించకూడదు. కాబట్టి ఇప్పటికే నడుస్తున్న స్టేషన్‌లో వాలంటీరుగా చేరడం మేలు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియోను ఒకసారి చూసి రండి. పెద్ద చదువు లేని ఆడవాళ్లు రికార్డింగు, ఎడిటింగు ఎట్లా చేస్తున్నారో అక్కడ తెలుస్తుంది.

ఫ్లోరోసిస్ మీద అరగంట కార్యక్రమం చేయబోతున్నాం. బాధితుడు, డాక్టరు, నీటి సరఫరా ఇంజినీరు వస్తున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
*యువజన సంఘం సభ్యులు, మర్రిగూడ*

ముందు కుర్చీల సంగతి చూడండి. ఫ్లోరోసిస్ (నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) ఎముకలకు పట్టినవాళ్లకు మెడ, వెన్ను బిగుసుకుపోతాయి. పక్కన కూర్చుని ప్రశ్నలడిగితే తల తిప్పలేక ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది. అందుకే యాంకరు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో కూర్చోవాలి. చేతులు ఆనించుకునే కుర్చీ వేయండి, చాప మీద కూర్చోబెట్టొద్దు. మెట్లెక్కే గది వద్దు. పదిహేను నిమిషాలకోసారి ఆపండి.

ఇంజినీరు సారు పక్కనే ఉంటే బాధితుడు "అంత మంచిగనే ఉంది సార్" అని ముగిస్తాడు. అందుకని బాధితుడితో విడిగా, ముందే రికార్డు చేయండి. అది ఇంజినీరుకు చూపించి జవాబు అడగండి. అరగంటలో బాధితుడికి పది నిమిషాలు, డాక్టరుకు ఆరు, ఇంజినీరుకు ఏడు, ఫోన్ కాల్స్‌కు ఐదు, మొదలుకూ చివరకూ రెండు చాలు. "మీకు ఎలా అనిపిస్తోంది?" అని అడగొద్దు. ఏ బోరింగు నీళ్లు తాగారు, ఎన్నేళ్లు తాగారు, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, వైకల్య సర్టిఫికెట్ వచ్చిందా అని అడగండి. బాధ ఆ జవాబుల్లోనే వస్తుంది.

కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. నల్లపూసలు, కండువా తగిలితే టకటకమని చప్పుడు వస్తుంది, దాన్ని ఎడిటింగులో తీయలేరు. ఫ్యాను, కూలరు ఆపేయండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గదిని కూడా రికార్డు చేసుకుంటే అతుకుల దగ్గర పనికొస్తుంది.

ఇలాంటి షోల్లో తరచుగా దొర్లే తప్పు నీళ్లు కాచి తాగమనడం. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. వంగిపోయిన ఎముకల్ని మందుతో నిటారు చేస్తామనేవాళ్లను అతిథులుగా పిలవొద్దు.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలంటే చేతిలో పరీక్ష కాగితం ఉండాలి. భారత ప్రమాణం 1, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా. నమూనాకు గాజు సీసా వాడొద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. బోరింగును కొన్ని నిమిషాలు కొట్టి, అదే నీటితో ప్లాస్టిక్ సీసాను మూడుసార్లు కడిగి, అర లీటరు పట్టి, తేదీ, చోటు రాసి అంటించండి.

షో అయ్యాక అసలు పని మొదలవుతుంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. "నీళ్లెందుకు రావడం లేదు?" అని రాస్తే జవాబు రాదు, కారణాలు కాదు రికార్డులే అడగాలి. "మా గ్రామంలో గత 2 ఏళ్లలో పరీక్షించిన నీటి నమూనాల చోటు, తేదీ, ఫ్లోరైడ్ ఫలితం ప్రతులు ఇవ్వండి" అని రాయండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఆ కాగితం పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి, రసీదు తీసుకోండి. ఇంజినీరు షోలో ఇచ్చిన మాట, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకుని 30వ రోజున, 90వ రోజున ఫోన్ చేయండి. ఆ ఫోన్ చేయకపోతే బాధితుణ్ని స్టూడియోకు పిలిచి ఏడిపించి పంపినట్టే అవుతుంది.

వలస కూలీల డబ్బులు ఎగ్గొట్టిన గుంపు మేస్త్రి (కూలీలను పనికి తీసుకెళ్లేవాడు) పేరు షోలో చెప్పొచ్చా?
*యూట్యూబ్ ఛానెల్ నిర్వాహకుడు, కోస్గి*

హాజరు పుస్తకం, ఫోన్‌పే చెల్లింపుల చిట్టా, కనీసం ఇద్దరు కూలీల మాట చేతిలో లేకుండా చెప్పొద్దు. అవి ఉన్నా ముందు మేస్త్రికి ఫోన్ చేసి, రాతపూర్వకంగా కూడా అడిగి, రెండు రోజులు గడువిచ్చి, అతని మాటనూ ప్రసారం చేయండి. "మోసం చేశాడు" అనొద్దు, "ఇవ్వలేదని కూలీలు చెబుతున్నారు" అనండి. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. చెప్పింది నిజమైతే సరిపోదు, ప్రజల మేలు కోసం చెప్పినట్టు కూడా చూపించాలి. 1996లో ఓప్రా షోలో గొడ్డు మాంసం మీద వచ్చిన మాటలకు టెక్సాస్ పశువుల పెంపకందార్లు దావా వేశారు. 1998లో ఆమే గెలిచారు, కానీ విచారణ జరిగినన్నాళ్లూ షోను అమరిల్లో పట్టణానికే మార్చుకోవాల్సి వచ్చింది. మనకు అంత స్తోమత ఉండదు.

అడ్వాన్సు బాకీ చూపి కూలీలను వెళ్లనివ్వకపోతే అది వెట్టి. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. షో కంటే ముందు కలెక్టరుకో ఆర్డీవోకో ఫిర్యాదు పెట్టండి. ఉచిత వకీలు కోసం 15100కు ఫోన్ చేయొచ్చు.

లైంగిక వేధింపులకు గురైన బాలిక తల్లి షోకు వస్తానంటోంది. పాప ముఖం మసకబారిస్తే చాలా?
*దేవరకొండ*

చాలదు. తల్లి ముఖం, గొంతు, ఊరి పేరు, బడి యూనిఫాం, ఇంటి గేటు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ దీన్ని నిషేధిస్తుంది. తల్లి ఒప్పుకున్నా ఆ నిషేధం పోదు, ప్రత్యేక కోర్టు అనుమతి కావాలి. ఈ ఎపిసోడ్‌లో తల్లిని కూర్చోబెట్టొద్దు. వకీలునూ, పిల్లలతో పనిచేసే కౌన్సెలరునూ పిలిచి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే తర్వాత ఏమేం జరుగుతుందో వాళ్లతో చెప్పించండి.

మా యాసలో మాట్లాడితే నవ్వుతారేమో?
*అచ్చంపేట*

మాట్లాడండి. మీ అతిథి "కైకిలి పోయిన" అంటే మీరు "కూలి పనికి వెళ్లారన్నమాట" అని దిద్దొద్దు. దిద్దిన క్షణం నుంచి ఆమె తగ్గి మాట్లాడుతుంది.

దీంతో బతుకు నడుస్తుందా?
*మిర్యాలగూడ*

మొదటి రెండేళ్లు వేరే ఆదాయం ఉండాలి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు రావాలి. వర్తమాన విషయాల మీద ఛానెల్ నడిపితే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారిని పెట్టి, వచ్చిన ఫిర్యాదును 15 రోజుల్లో తేల్చాలి. పెళ్లిళ్లకు, సభలకు యాంకరింగు చేసి సంపాదించుకోవడంలో తప్పు లేదు. బాధితుల నుంచి మాత్రం పెట్రోలు ఖర్చు కూడా తీసుకోవద్దు. ఎవరైనా సాయం పంపుతామంటే బాధితుడి బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వండి, మీ ఫోన్‌పే నంబరు కాదు.